మార్పిడా? రూపాంతరమా?

సందేహం: మా తమ్ముడు డిప్లొమాలో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. 'సోర్స్ ట్రాన్స్‌ఫర్మేషన్' (విద్యుత్తు అందించే ఒక సోర్సు అమరిక బదులు, బయటికి అదే పని చేసే మరో అమరిక పెట్టడం) పాఠానికి నోట్సులో 'మూలపరివర్తన' అని పేరు పెట్టుకున్నాడు. 'రూపాంతరం' అంటే సరిపోతుంది కదా అన్నాను. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: వ్యాకరణానికి రెండూ తప్పు కాదమ్మా. చిక్కంతా అర్థంతోనే. మూలపరివర్తన అనగానే మూలసూత్రం, మూలకారణం గుర్తొచ్చి, ఏదో సమూలంగా మారిపోయిందనిపిస్తుంది. సోర్సు సంగతి ఎవరికీ తట్టదు.

లోపలి సరుకు అదే ఉండి పైరూపు మారితే రూపాంతరం. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. 12 వోల్టుల సోర్సుకు శ్రేణిలో, అంటే ఒకే వరసలో, 4 ఓముల నిరోధం (రెసిస్టెన్స్) ఉందనుకోండి. దాని బదులు, 12ను 4తో భాగిస్తే వచ్చే 3 ఆంపియర్ల కరెంటు సోర్సు (ఎప్పుడూ అంతే ప్రవాహం పంపేది) పెట్టి, ఆ 4 ఓములనే సమాంతరంగా కలుపుతారు. బయట 2 ఓముల లోడు (విద్యుత్తు వాడుకునే పరికరం) తగిలిస్తే ఎటు చూసినా దానికి అందేది 2 ఆంపియర్లే. అదే లోడు ఊడదీయండి: మొదటిదానిలో ప్రవాహమే ఉండదు. రెండోదానిలో 3 ఆంపియర్లూ లోపలి 4 ఓముల గుండానే పోయి 36 వాట్లు వేడిగా ఖర్చవుతూ ఉంటాయి. బయటికి ఒకటే, లోపల వేరు!

దీనికి మనకు 'మార్పిడి' అనే మంచి మాట ఉంది. 500 నోటు మార్చి ఐదు వందనోట్లు తెచ్చుకుంటే అంగట్లో విలువ ఒకటే, జేబులో కాగితాలే వేరు. 'సోర్సు మార్పిడి' అనండి, చాలు. తెలుగే కావాలంటే సోర్సును 'జనకం' అనవచ్చు.

నన్నడిగితే అసలు పేచీ 'కరెంటు'తోనే. మన కడప వైపు కరెంటు పోయింది, కరెంటు బిల్లు అంటే మొత్తం విద్యుత్తు అనే అర్థం. 'కరెంటు సోర్సు' అని వింటే, వోల్టేజీ సోర్సులో మాత్రం కరెంటు ఉండదా అని ఇంట్లో పెద్దవాళ్లు అడగడం న్యాయమే. అందుకని 'ప్రవాహ జనకం', 'వోల్టేజీ జనకం' అని విడదీయడం నయం. రెండోది వైరి సమాసమని, అంటే పొసగని వేర్వేరు భాషల మాటల్ని అతికించారని, ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు. కరెంటు స్తంభం ఇన్నేళ్లుగా ఊరూరా నిలబడే ఉంది కదా!

శ్రేణిలో నిరోధం లేని వోల్టేజీ సోర్సుకు ఈ మార్పిడి కుదరదని మీ తమ్ముడికి గుర్తు చేయండి. అక్కడ సున్నాతో భాగించాల్సి వస్తుంది.