గండుచీమల గూడు గురించి బిడ్డకు

పాలమూరు

చిరంజీవి బిడ్డకు,

పెద్దబాపు ఆశీస్సులు. నువ్వు పంపిన గూడు బొమ్మ చూసిన. మూడంతస్తులు, పదహారు గదులు, మధ్యల మెట్లు. చూడముచ్చటగ ఉన్నది గాని అది కట్టకు. నీ దగ్గర ఉన్నది ఒక రాణి, పన్నెండు పనిచీమలు. వాటికి పదహారు గదులిస్తే రెండిట్ల కాపురముంటయి, మిగిలిన పద్నాలుగిట్ల చెత్త పోసుకుంటయి. చెత్తకు తేమ తగిలితే బూజు పడతది. ఇంకో మాట, ఆ బొమ్మల నీళ్లకు జాగ ఏది? చీమల గూడంటే మొదలు నీళ్ల గుంట గీయాలె, గదులు దాని చుట్టు రావాలె. నువ్వు ఇల్లు కట్టి నీళ్లు మరిచినవు.

తొందరేమీ లేదు. పనిచీమలు పాతిక, ముప్పై దాటేదాక పరీక్షనాళికే వాటికి మంచి ఇల్లు. గండుచీమ రాణి పెద్దది గనుక నాళిక 18 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల పొడుగు ఉండాలె. మూడో వంతు నీళ్లు పోసి, దూది ముద్దను నీళ్లకు ఆనేటట్టు దోయి. దూదికి, నీళ్లకు మధ్య గాలిబుడగ మిగలొద్దు. మన దిక్కు రోహిణి ఎండలకు రోళ్లు పగులుతయంటరు, నాళికల గాలి ఊరుకుంటదా? వేడికి అది ఉబ్బి నీళ్లను దూదిల నుంచి అవతలికి నెడతది, రాణి తడిల మునుగుతది. ఎండకాలం నాళికల్లో రాణులు ఇట్ల కూడ చస్తయి. దూది పసుపురంగుకు తిరిగితే మాత్రం భయపడకు, నల్లబడితే కొత్త నాళికను మూతికి మూతి ఆనించి టేపు చుట్టు. వాటంతట అవే మారుతయి. దులిపి పొయ్యకు. గండుచీమలు బెదిరితే ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతయి, మూతిపెట్టిన నాళికల ఆ ఆవిరికి అవే చస్తయి.

నీ దోస్తు కూడ రాణిని పడతనంటున్నదట. మిరుగం వానలు పడ్డంక దీపాల చుట్టు రెక్కల పురుగులు ముసురుతయి గదా, అందుల చీమలుంటయి, ఉసిళ్లుంటయి. ఉసిళ్లకు నాలుగు రెక్కలు ఒకే కొలత, నడుం చీమంత సన్నగ ఉండదు, మీసాలు పూసల దండలెక్క తిన్నగుంటయి. చీమకు ముందు రెక్కలు పెద్దయి, వెనుకవి చిన్నయి, నడుం సన్నం, మీసం మోచేయిలెక్క వంగి ఉంటది. రెక్కలు రాల్చుకొని నేల మీద ఒంటిగ తిరిగే దాన్నే పట్టమను. పుట్టలు తవ్వొద్దు. రాణి ఎక్కడో అడుగున ఉంటది, అది దొరకదు, పుట్ట మాత్రం పాడైతది. మామిడిచెట్ల మీద ఆకులు కుట్టుకొని ఉండే ఎర్రచీమల జోలికి అసలే పోవద్దు, వాటికి చెట్టే గూడు.

ఇక గూడు దేంతోని కట్టాలె అంటవా. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అందరికి తెలిసిందే. కిలో పొడికి 600 నుంచి 700 మిల్లీలీటర్ల నీళ్లు, పావుగంటల గడ్డకడతది, ఆకారం పోసుకునుడు అల్క. కాని అది నీళ్లను పీల్చి పట్టుకుంటది, తొందరగ బూజు పడతది, తడిస్తే మెత్తబడి చీమలే గీకి తూట్లు చేస్తయి. గోడలకు పూసే పుట్టీని ప్లాస్టరని ఎవరన్న అంటగడితే తీసుకోకు, దాంట్ల వేరే మందులు కలుస్తయి. రెండు అద్దాల నడుమ మట్టి పోసే గూళ్లు పాతకాలం నుంచి ఉన్నయి. ఫ్రాన్సుల షార్ల్ జానె అనే కీటకశాస్త్రజ్ఞుడు ఇట్ల అద్దాల గూడు తయారుచేసి 1900 సంవత్సరం పారిస్ ప్రదర్శనల పెట్టిండు. మన నల్లరేగడితోని అది చేస్తే ఎండినప్పుడు నెర్రెలిస్తది, తడిపినప్పుడు సొరంగాలు కూలుతయి. ఎర్ర చెల్కమట్టి కొంత నయం, కాని చీమలు అద్దానికి మట్టి పూస్తయి, నీకు ఏమీ కనబడదు.

అందుకే నా మాట లైట్ వెయిట్ ఇటుక. ఇప్పుడు అపార్టుమెంట్లకు వాడుతున్న తెల్లటి, తేలిక ఇటుక, మేస్త్రీలు ఏఏసీ బ్లాక్ అంటరు. కట్టుబడి జరిగే కాడ అడిగితే విరిగిన ముక్క ఊరికెనే ఇస్తరు. మామూలుగ 24 ఇంచులు, 8 ఇంచులు, 4 ఇంచుల కొలతల వస్తది. సిమెంటు, సున్నం, బూడిద కలిపి, అల్యూమినియం పొడితోని పొంగిచ్చి, ఆవిరిల ఉడికిస్తరు. లోపల అంతా సన్న సన్న గుల్లలే. నీళ్లను అవి మెల్లగ పాకిస్తయి.

8 ఇంచుల పొడుగు, 4 ఇంచుల వెడల్పు, 2 ఇంచుల మందం ముక్క రంపంతోని కోసుకో. ఒక్క ఇటుకకు దాదాపు పన్నెండు వస్తయి, కాబట్టి మొదటిది పాడైతదని బాధపడకు. పెన్సిలుతోని గీసుకో. ఒక కొసన నీళ్ల గుంట: 25 మిల్లీమీటర్ల వెడల్పు, 60 పొడుగు, 30 లోతు. దాని తర్వాత 15 మిల్లీమీటర్ల గోడ వదులు. ఇది పలచనైతే నీళ్లు గదిలకు కారుతయి, మరీ మందమైతే తేమ ఆలస్యమైతది. అక్కడి నుంచి రెండు వరుసలల్ల ఆరు గదులు, ఒక్కోటి 30కి 34, మధ్య గోడలు 8, దారులు 9 నుంచి 10 వెడల్పు. గదులకు, దారులకు లోతు 12. ఇంతకు తక్కువైతే కాయల, అంటే పట్టుతిత్తిల ఉన్న పిల్లల, కుప్ప మీద రాణికి తిరుగ జాగ ఉండదు. ఎక్కువైతే లోపల ఏమైతున్నదో నీకు కనబడదు. చిన్న జాతి చీమలకైతే 4 నుంచి 6 చాలు. చీమల దారి మాత్రం నీళ్ల గుంటకు అవతలి కొస నుంచి బయటికి పోవాలె, అంటే పొడి కొస నుంచి. ఈ దారికి అడ్డం రాని రెండు గదులల్ల తడి ఇసుక కూరు. అవసరమైననాడు చీమలే తోడుకుంటయి. ఇల్లు పెంచే పని వాటికి అప్పజెప్పినట్టు.

చెక్కే ముందు ముక్కను నీళ్లల్ల నానబెట్టు. తడి ఇటుక మెత్తగ తెగుతది, దుమ్ము లేవదు. ఈ దుమ్ముల సిలికా ఉంటది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు కట్టుకో, వాకిట్ల కూసొని చెయ్యి. డ్రిల్లు బిట్టుకు 12 మిల్లీమీటర్ల కాడ టేపు చుట్టి గది నిండ తూట్లు వెయ్యి, తర్వాత పాత స్క్రూడ్రైవరుతోని వాటిని కలుపు. అడుగు నునుపు చెయ్యకు, గరుకుంటేనే చీమలకు పట్టు.

మీది మొఖం సమం చేసుడు చాలా మంది పట్టించుకోరు. అద్దం ఒక మూల లేసి ఉంటే ఎంత మంచిగ చెక్కినా వృథా. 120 నంబరు గరుకు కాగితం తాండూరు బండ మీద పరిచి, ముక్కను బోర్ల పెట్టి, ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దు. అద్దం పెట్టి చీకట్ల పక్క నుంచి టార్చి కొట్టు. వెలుగు సందుల్లోంచి దూరితే ఇంకా రుద్దాలె. తర్వాత మూడు దినాలు నీళ్లల్ల ముంచి ఉంచు, రోజూ నీళ్లు మార్చు. కొత్త ఇటుకల సున్నం గుణం ఉంటది, అది కడుక్కపోవాలె. నీడల ఆరబెట్టు.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్లు. బోరునీళ్లు పొయ్యకు. మీ నల్లగొండ బోర్ల నీళ్ల గురించి నీకు చెప్పేదేముంది, ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, సున్నపు లవణాలు కూడ ఎక్కువ. గూట్ల నీళ్లు ఆవిరై పోతయి, లవణాలు పోవు. నీళ్లు ఎక్కడ ఆరుతయో అక్కడ, అంటే సరిగ్గ గదుల గోడలకు, అద్దం అంచుకు, తెల్లటి పొరలెక్క పేరుకుంటయి. కొన్ని నెలలకు గుల్లలు పూడుకపోతయి. అప్పుడు గుంటల నీళ్లున్నా గదులు ఎండుతయి, కారణం అంతుబట్టదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి తేర్చే నల్లగొండ పద్ధతి, దేశమంతా మీ జిల్లా పేరు మీద పిలుస్తరు, దాంతోని ఫ్లోరైడ్ తగ్గుతది గాని ఉప్పులు తగ్గవు. క్యాను ఆర్వో నీళ్లే వాడు, లేదంటే వాననీళ్లు పట్టిపెట్టుకో.

చీమలను పెట్టక ముందే ఖాళీ గూడుకు పరీక్ష చెయ్యి. సిరంజితోని గుంటల 20 మిల్లీలీటర్లు పొయ్యి. ఒక దినం ఆగి చూస్తే తడిసిన భాగం రంగు మారి కనబడతది. ఆ తడి ఎక్కడ ఆగిందో ఇటుక పక్కకు పెన్సిలుతోని గీత పెట్టు. గీత ఇటుక పొడుగుల సగం కాడ ఉండాలె. ఇటుక మొత్తం తడిస్తే నీళ్లు సగానికి తగ్గించు. గుంట పక్క గోడ దాటకుంటే చెక్కిన దుమ్ము గుల్లలల్ల ఇరికిందన్నట్టు, బ్రష్షుతోని రుద్ది కడుగు. ఇటుక అడుగు, పక్కలు రంగు వేసి మూయకు, అక్కడి నుంచే తేమ ఆరిపోవాలె. ఆ తర్వాత ఎన్ని దినాలకోసారి పొయ్యాలె అని అడగకు. వానకాలం వారానికి 5 మిల్లీలీటర్లు ఎక్కువైతయి, మే నెలల రెండు దినాలకు 10 చాలవు. క్యాలెండరు చూడకు, గీత చూడు.

సగం తడి, సగం పొడి ఎందుకంటే, గుడ్లకు, పిల్లపురుగులకు తేమ కావాలె, పట్టుతిత్తిల ఉన్న కాయలకు పొడి కావాలె. పనిచీమలు వాటిని మోసుకొని తిరిగి సరైన గదిల పెట్టుకుంటయి. అవే నీకు తేమ కొలిచే యంత్రం. గుడ్లు, కాయలు అన్నీ గుంట గోడకు అంటిపెట్టి ఉంటే గూడు ఎండింది. పిల్లలను ఎత్తుకొని బయటికి పోయే పైపుల కాపురం పెడితే తడి ఎక్కువైంది, లేకుంటే వేడి ఎక్కువైంది. అద్దం మీద నీటిచుక్కలు కడితే కూలరు గాలి తగిలి అద్దం చల్లబడ్డదేమో చూడు. అప్పుడు నీళ్లు తగ్గిచ్చుడు కాదు, గూడును జరుపుడు మందు.

మూతకు 4 మిల్లీమీటర్ల అద్దం కోయించు, అంచులు రుద్ది ఇమ్మను. యాక్రిలిక్ షీటు ఒక దిక్కు తేమకు వంగుతది. అద్దం అంటియ్యకు, నాలుగు క్లిప్పులు పెట్టు చాలు, తర్వాత శుభ్రం చేసుకోవచ్చు. ఎర్ర సెల్లోఫేన్ రెండు పొరలు పైన పరుచు. చీమలకు ఎరుపు సరిగ్గ కనబడదు, చీకటి అనుకుంటయి.

బయట తిరిగే జాగకు ఒక జానెడు ప్లాస్టిక్ డబ్బా తీసుకో. గూడుకు, డబ్బాకు మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, లోపలి కొలత 10 మిల్లీమీటర్లది, సరిగ్గ సరిపోతది. డబ్బా మూతకు పెద్ద తూటు కొట్టి సన్నని స్టీలు టీ జాలి ఎం-సీల్‌తోని అంటియ్యి. దోమల జాలి వద్దు, చిన్న చీమలు దూరుతయి. డబ్బా లోపలి గోడకు పైన రెండు ఇంచులు టాల్కం పొడి, సర్జికల్ స్పిరిట్ పాలలెక్క కలిపి దూదితోని పుయ్యి, ఆరినంక చీమ కాలు జారుతది. మందంగ పూస్తే పొడి రాలి చీమల మీద పడతది. వానకాలం గాలి తేమకు అది పనిచెయ్యదు, పది దినాలకోసారి మళ్ల పుయ్యాలె. నూనె పుయ్యమని ఎవరన్న చెప్తరు, మన ఎండకు అది కిందికి కారి చీమలనే ముంచుతది.

నీ చీమలు బయటికి పోవుడు కంటే ఇంట్ల చీమలు లోపలికి వచ్చుడే పెద్ద గండం. చక్కెర నీళ్ల వాసనకు సన్న చీమలు రాత్రికి రాత్రి దాడిచేసి గూడు ఖాళీ చేస్తయి. బెల్లం గిన్నెను నీళ్ల పళ్లెంల పెడతం గదా, గూడునూ అట్లనే పెట్టు, నీళ్లల్ల ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలుపు. చీమల చాక్‌పీసు మాత్రం ఆ గదిల గీయొద్దు. దోమల కాయిల్, లిక్విడ్ మిషన్ కూడ అదే జాతి మందులు, నీ చీమలకు అవి విషమే.

తిండికి పెద్ద హంగామా లేదు. ఒక వంతు చక్కెరకు నాలుగు వంతుల నీళ్లు దూదిల ముంచి పెట్టు, వారానికి రెండుసార్లు ఉడికిన గుడ్డు పచ్చసొన లేదా చిన్న పురుగు. మందు కొట్టిన ఇంటి బొద్దింక వద్దు. విత్తులు తినే జాతులు పెంచితే జొన్న, సజ్జ వేస్తవు, కాని విత్తనాల దుకాణం నుంచి రంగు పూసినవి తేకు, అది శిలీంధ్రాల మందు.

గూడు నేల మీద, ఉత్తరం గోడ పక్కకు పెట్టు. స్లాబు కింద అటకమీద వద్దు. 26 నుంచి 30 డిగ్రీలు వాటికి హాయి, 40 కాడ పిల్లలు చస్తయి. చలికాలం మందగిస్తయి, అది మామూలే, బల్బు పెట్టి వేడి చెయ్యకు. మారేటప్పుడు నాళికను డబ్బాల పెట్టి మూతి తెరువు, నాళికకు వెలుగు తగలనియ్యి, గూడును చీకటిగ, తడిగ ఉంచు. ఒక రాత్రికి పోవచ్చు, రెండు వారాలు పట్టచ్చు. తట్టకు.

ఇటుక తెచ్చి చెక్కినంక గదుల ఫొటో పంపకు, ముందు తేమ గీత ఫొటో పంపు. అది సగం కాడ ఆగిందంటే చీమలను వదలొచ్చు.

నీ పెద్దబాపు