పశువుల ఏఐ వేరు, కంప్యూటర్ ఏఐ వేరు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. ఏఐ చదువుతానంటోంది. ‘మైత్రి, ఏఐ టెక్నీషియన్ శిక్షణ, మూడు నెలలు’ అన్న ప్రకటన చూసి ఫోన్ చేస్తే పశువుల పని అన్నారు. ఇదేమైనా మోసమా? – ఒక తండ్రి

జవాబు: మోసం కాదండీ, టెన్షన్ పడకండి. అక్కడ ఏఐ అంటే ఆర్టిఫిషియల్ ఇన్సెమినేషన్, కృత్రిమ గర్భధారణ. పశువైద్యుల నోట దశాబ్దాలుగా ఉన్న మాట. కోళ్ల జబ్బుల దగ్గరకొస్తే వాళ్లే ఏఐ (ఏవియన్ ఇన్‌ఫ్లుయెంజా) అని బర్డ్ ఫ్లూనూ అంటారు. మీ అమ్మాయి మనసులో ఉన్నది ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్. ఆ పేరు 1955లో జాన్ మెకార్తీ, ఆయన సహచరులు రాసిన ప్రతిపాదనతో వచ్చింది.

అయితే మొదటిదాన్ని చులకనగా చూడకండి. మీ దగ్గర్లో గోపాలమిత్ర (ఊళ్లలో పశువులకు ఈ ఏఐ చేసే కార్యకర్త) ఉంటే ఒక పూట అమ్మాయిని తీసుకెళ్లి చూపించండి. లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ మూత తీయగానే తెల్లటి పొగ వస్తుంది. లోపల మైనస్ 196 డిగ్రీలు. అందులోంచి గడ్డకట్టిన వీర్యం ఉన్న సన్నటి స్ట్రా తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, వెంటనే వాడాలి. ఆవు పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం ఎదకొస్తే మర్నాడు పొద్దున వేయిస్తారు. అదను తప్పితే మళ్లీ ఎదకు రావడానికి దాదాపు 21 రోజులు. అన్నాళ్లూ రైతు మేపాల్సిందే. మైత్రి శిక్షణలో ఒక నెల తరగతి, రెండు నెలలు ఫీల్డు పని. పశువులంటే ఇష్టముంటే బైపీసీ అమ్మాయికి అసలు దారి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ.

కంప్యూటర్ ఏఐలో బీటెక్‌కు ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి. ఐఐటీ హైదరాబాద్ 2019లో మొదలుపెట్టిన ఏఐ బీటెక్ కూడా జేఈఈ రాసినవాళ్లకే. అలాగని తలుపులు మూసుకుపోలేదు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌కు ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. ముందు నాలుగు వారాల పాఠాలు, తర్వాత అర్హత పరీక్ష.

నన్నడిగితే, ఫీజు మాట తర్వాత. ఏ కోర్సు ప్రకటనలో పొడి అక్షరాలు కనిపించినా పూర్తి పేరు అడిగి, సిలబస్ తెప్పించుకోండి. ఈ ఆదివారం ఆ బీఎస్ సిలబస్ మీరిద్దరూ కూర్చుని చూడండి. మొదట్లోనే మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఉంటాయి. మ్యాథ్స్ వద్దనే బైపీసీ తీసుకుందా, డాక్టర్ కావాలని మీరు చేర్పించారా? ఆ సంగతి ఆమెనే అడగండి. జవాబు వచ్చాక నాకు మళ్లీ రాయండి.