ఐర్లాండ్ సిరీస్ ఎలా నెగ్గింది?

ప్రశ్న: 2022లో న్యూజిలాండ్‌లో తొలి టెస్టు 42–19తో ఓడిన ఐర్లాండ్ రగ్బీ జట్టు సిరీస్ ఎలా గెలిచింది? మాల్ అంటే ఏమిటి?

జవాబు: డునెడిన్‌లో రెండో టెస్టు 23–12తో గెలిచింది. న్యూజిలాండ్ గడ్డపై ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) మీద ఐర్లాండ్‌కు అదే తొలి గెలుపు. ప్రత్యర్థి ప్రాప్ (ముందు వరుస ఆటగాడు) తావావోకు రెడ్‌కార్డు పడటం కలిసొచ్చిన మాట నిజమే. కానీ వెల్లింగ్టన్‌లో ఆ ఊతం లేకుండానే 32–22తో నెగ్గింది. అసలు పరీక్ష అదే. అక్కడ తొలి ట్రై (ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించడం) మాల్‌తోనే వచ్చింది. మాల్ అంటే ఇదీ: లైనవుట్‌లో (బంతి పక్క గీత దాటాక దాన్ని మళ్లీ లోపలికి విసిరేటప్పుడు) బంతి అందుకున్నవాడు నేలకు దిగగానే సహచరులు అతన్ని పట్టుకుని గుంపుగా ముందుకు తోస్తారు. బంతి చేతులు మారుతూ వెనకవాడికి చేరుతుంది. ప్రత్యర్థులు పక్కనుంచి దూరినా, కావాలని కూల్చినా పెనాల్టీయే. గుంపు కదలకుండా ఆగిపోతే మాత్రం బంతి వెంటనే బయటికి తీయాలి, లేకుంటే స్క్రమ్ (ఇరుజట్ల ఆటగాళ్లు ఎదురెదురుగా తోసుకుంటూ ఆట మళ్లీ మొదలెట్టే పద్ధతి) ఎదుటి జట్టుకు పోతుంది.