సూది ఇంకా లోపలికి వేస్తే గేదె కడుతుందా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. రెండో ఈత గ్రేడెడ్ ముర్రా గేదె జూన్‌లో ఈనింది. సెప్టెంబరు నుంచి మూడుసార్లు ఎదకు వస్తే మూడుసార్లూ సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం. కట్టలేదు (చూలు నిలవలేదు). 21, 22 రోజులకు మళ్లీ పొర్లుతోంది (ఎదకు వస్తోంది). పొద్దున అరుపు వినగానే ఫోన్ చేసి ఎనిమిదింటికల్లా వేయిస్తున్నాం. సూది ఇంకా లోపలికి వేయించమని పక్క రైతు అంటున్నాడు. అయినా చేయి పేడ దారిలో పెట్టి, సూది ఇంకో దారిలో వేస్తే అది ఎక్కడికి పోతుంది?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న చూద్దాం. మిగతా వాటికి జవాబు అందులోనే ఉంది.

తుంటి ఎముకల గూడులో పైన పేడ పేగు, దాని కింద యోని, గర్భాశయం, అన్నిటికన్నా అడుగున మూత్రాశయం ఉంటాయి. పేడ పేగు గోడ పల్చగా ఉండి బాగా సాగుతుంది. అందుకే గోపాలమిత్ర (ఊళ్లలో సూది వేసే కార్యకర్త) అందులో చేయి పెట్టి, గోడ మీదుగానే కింద ఉన్న గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుంటాడు. చుట్టూ అంతా మెత్తగా ఉంటుంది, ఇదొక్కటే చేతికి కోడి మెడలా గట్టిగా తగులుతుంది. లోపల మూడు నాలుగు మడతలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఆవుతో పోలిస్తే గేదెకు ఈ దారి బిగుతుగా, వంకరగా ఉంటుంది. గన్నును (వీర్యం వదిలే సన్నటి గొట్టాన్ని) తోసుకుంటూ పోతే దిగదు. ముఖద్వారాన్నే అటూ ఇటూ కదుపుతూ గన్ను మీదకు ఎక్కించాలి. మొదట్లో గన్ను కొసను కాస్త పైకి ఎత్తి పెట్టడానికీ కారణం ఉంది. మూత్రం వచ్చే రంధ్రం యోని నేల మీదే ఉంటుంది. గన్నును తిన్నగా తోస్తే కొస అందులోకి దిగే ప్రమాదం ఉంది.

ముఖద్వారం దాటగానే గర్భాశయ దేహం వస్తుంది. అది చాలా పొట్టిది. అక్కడి నుంచి రెండు కొమ్ములుగా చీలుతుంది. ఒక్కో కొమ్ము చివర సన్నటి అండవాహిక, దాని పక్కన అండాశయం ఉంటాయి. వీర్యం పడాల్సిన చోటు ముఖద్వారం దాటిన వెంటనే. చివరి మడత దాటిన గన్ను కొస చూపుడు వేలి కింద తగలగానే ఆగి, నెమ్మదిగా వదలాలి. శిక్షణలో కోసిన పశువు గర్భాశయాన్ని బల్ల మీద పెట్టి చూపిస్తే, ఇంత చిన్న చోటా అని అందరూ ఆశ్చర్యపోతారు.

మీ పక్క రైతు చెప్పినట్టు ఇంకా లోపలికి తోస్తే గన్ను ఏదో ఒక కొమ్ములోకి పోతుంది. అండం రెండో వైపు విడుదలైతే ఆ వీర్యం వృథా కావచ్చు. పైగా ఎద సమయంలో గర్భాశయం లోపలి పొర రక్తం నిండి ఉంటుంది, గీసుకుంటే పుండు పడుతుంది. ఇంకో సంగతి. చూలుతో ఉన్న గేదె కూడా ఒక్కోసారి ఎద చూపుతుంది. చూలులో ముఖద్వారం చిక్కటి జిగురుతో మూసుకుని ఉంటుంది. చూడకుండా గన్ను దించితే ఆ బిరడా ఊడి ఈసుకుపోవచ్చు. కాబట్టి ఆ సలహా వదిలేయండి.

నాకు అనుమానం వేళ మీద. 21, 22 రోజులకు ఠంచనుగా పొర్లుతోందంటే అండాశయాలు తమ పని చేస్తున్నట్టే. గేదెలో ఎద ముగిశాక దాదాపు 10 నుంచి 14 గంటలకు అండం విడుదలవుతుంది. అది బతికేది కొద్ది గంటలే. గడ్డకట్టించిన వీర్యంలోని కణాలు కూడా ఒక రోజుకు మించి నిలవవు. పొద్దున అరుపు మొదలవగానే ఎనిమిదింటికి వేయిస్తే, అండం వచ్చేసరికి వాటి సత్తువ అయిపోతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించండి. అప్పటికీ ఎద తగ్గకపోతే మరో పన్నెండు గంటలకు రెండో సూది వేయించినా తప్పులేదు.

ఎద ఎప్పుడు మొదలైందో తెలియాలంటే అరుపు ఒక్కటే చాలదు. కొన్ని గేదెలు అసలు అరవవు. ఆవుకు వేలాడినట్టు గేదెకు తీగలు (ఎదలో కారే జిగురు) వేలాడవు, యోని అడుగున నిలిచి, పడుకున్నప్పుడు కారతాయి. తెల్లవారుజామున టార్చిలైటుతో గేదె పడుకున్న చోట, తోక కింద నేల చూడండి. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం వాయడం, చేపు తగ్గడం కూడా గమనించండి.

ఆ తీగ గుడ్డు తెల్లసొనలా తేటగా ఉంటేనే సూది. మబ్బుగా ఉన్నా, తెల్లటి చీము నలకలు కనిపించినా ఈసారికి సూది వద్దు. అది గర్భాశయం వాపు. పశువైద్యుడికి చూపించి మందు పెట్టించండి, మళ్లీ ఎదకు తేట తీగ వచ్చాక కట్టించవచ్చు. వైద్యుడు దగ్గర్లో లేకపోతే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.

మూడుసార్లు తిరగపొర్లింది కాబట్టి, తీగ తేటగా ఉన్నా వచ్చే ఎదకు ముందే ఒకసారి పరీక్ష చేయించడం మేలు. సూది వేయించిన తేదీ గోడ మీద రాసుకోండి. మళ్లీ పొర్లకపోతే రెండు నెలలు దాటాక చూలు పరీక్ష చేయించండి. పొర్లలేదు కదా అని కట్టిందనుకోవద్దు, ఎండాకాలంలో మూగ ఎదతో (లక్షణాలు బయటికి కనిపించని ఎద) మోసపోయేది ఇక్కడే.