అబ్బాయి డిబేట్‌లో చేరాడు, కోచింగ్‌కి ఎంత పెట్టాలి?

ప్రశ్న: మేము అమెరికా వచ్చి ఏడాది కాలేదు. మా అబ్బాయి తొమ్మిదో గ్రేడు. స్కూల్లో లింకన్-డగ్లస్ డిబేట్‌లో (ఒకరితో ఒకరు వాదించే విభాగం) చేరాడు. కేసు, అంటే తన పక్షం వాదన ముందే రాసుకోవడం, వాడికి అంతుపట్టడం లేదు. తోటి పిల్లలంతా సమ్మర్ క్యాంపులకీ, ప్రైవేటు కోచ్‌ల దగ్గరికీ వెళ్తున్నారట. మేమూ పంపాలా?

జవాబు: ముందు పర్సు జేబులో పెట్టుకోండి. పిల్లవాడికి ఏదైనా రాలేదంటే ట్యూషన్ వెతకడం మన రక్తంలో ఉన్న అలవాటు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి టోర్నమెంటు కూడా చూడకుండా వేల డాలర్ల క్యాంపుకి కట్టేస్తారు. అక్కడ చెప్పేది కనీసం అరడజను రౌండ్లు (ఒక్కో వాదన పోటీ) ఓడిన పిల్లలకి ఎక్కుతుంది, రౌండంటే ఏమిటో తెలియనివాడికి ఎక్కదు. ఇంకొందరు రెడీమేడ్ కేసులు కొనిపెడతారు. అదింకా దండగ. ఎదుటివాళ్ళు క్రాస్ ఎక్స్‌లో (ఒకరినొకరు ప్రశ్నించే సమయంలో) "ఈ వాక్యం ఎందుకు నిజం?" అని ఒక్క ప్రశ్న వేస్తే, కొన్న కేసు చదివిన పిల్లవాడు నీళ్ళు నములుతాడు.

కేసు కట్టడం ఇంట్లో, లైబ్రరీలో, ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు. రూల్స్ అన్నీ నేషనల్ స్పీచ్ అండ్ డిబేట్ అసోసియేషన్ సైట్‌లో ఉంటాయి, అవి మీరే చూసుకోండి. ఇక్కడ ముఖ్యంగా తెలియాల్సింది టైము. అఫర్మేటివ్ (టాపిక్‌ని సమర్థించే పక్షం) 6 నిమిషాలు, క్రాస్ ఎక్స్ 3, నెగటివ్ (వ్యతిరేకించే పక్షం) 7, మళ్ళీ క్రాస్ ఎక్స్ 3, ఆ తర్వాత అఫర్మేటివ్ 4, నెగటివ్ 6, చివర అఫర్మేటివ్ 3. కూడితే ఇద్దరికీ పదమూడేసి నిమిషాలే. మధ్యలో సిద్ధం కావడానికి ఒక్కొక్కరికి సాధారణంగా 4 నిమిషాలు.

పేరు సంగతి కూడా ఒక ముక్క చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు దీన్ని వక్తృత్వ పోటీ అనుకుంటారు. 1858లో ఇల్లినాయ్ సెనేటు సీటు కోసం లింకన్, డగ్లస్ ఏడుసార్లు ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నారు. ప్రధాన విషయం బానిసత్వం. సీటు డగ్లస్‌కే దక్కింది. 1980లో అసోసియేషన్ జాతీయ పోటీల్లో ఈ విభాగం మొదలుపెట్టినప్పుడు ఆ పేరే పెట్టారు. ఇక్కడ "ఇది లాభమా నష్టమా" అన్న ప్రశ్నకంటే ముందు "ఇది తప్పా ఒప్పా, ఆ సంగతి దేన్నిబట్టి తేలుస్తాం" అన్న ప్రశ్న వస్తుంది. బట్టీ పట్టి గంభీరంగా చెప్తే స్పీకర్ పాయింట్లు (మాట్లాడిన తీరుకి జడ్జి ఇచ్చే మార్కులు) పెరగొచ్చేమో గానీ రౌండు చేతికి రాదు.

ఇప్పుడు కేసు. నిజమైన టాపిక్ ఒకటి తీసుకుందాం. 2021 నవంబరు-డిసెంబరులో వచ్చిన తీర్మానం ఇది: న్యాయమైన ప్రభుత్వం కార్మికులకు షరతుల్లేని సమ్మె హక్కును గుర్తించాలి.

మొదట తీర్మానంలోని మాటల కింద గీత గీయమనండి. "న్యాయమైన ప్రభుత్వం" అని టాపిక్కే అంటోంది కాబట్టి వాల్యూ, అంటే కేసు అన్నిటికన్నా పైన పెట్టే విలువ, "న్యాయం" అని దాదాపు తేలిపోయింది. రెండు పక్షాలూ అదే పెట్టుకుంటాయి, దాని మీద కొట్టుకోవడం టైము వృథా. "షరతుల్లేని" అన్న మాట దగ్గర అసలు యుద్ధం ఉంది. ఆ మాటను నిర్వచించకుండా వెళ్ళిన అఫర్మేటివ్, ఎదుటివాళ్ళు ఇచ్చిన నిర్వచనంలో ఇరుక్కుంటాడు. ప్రతి పదానికీ డిక్షనరీ అర్థం రాయక్కర్లేదు, వివాదం పుట్టే ఒకటి రెండు పదాలకి చాలు.

తర్వాత క్రైటీరియన్. పిల్లలు ఎక్కువగా పాడుచేసేది దీన్నే. వాల్యూ గమ్యమైతే, క్రైటీరియన్ దాన్ని కొలిచే కొలబద్ద. "న్యాయం" వాల్యూ పెట్టి "సమానత్వం" క్రైటీరియన్ పెడితే ఒక అస్పష్టమైన మాటని ఇంకో అస్పష్టమైన మాటతో కొలిచినట్టు. "సమ్మె హక్కును కాపాడటం" అని పెడితే అది ముందే తీర్పు రాసేసుకున్నట్టు, జడ్జి ఒప్పుకోరు. క్రైటీరియన్‌లో ఒక పని కనపడాలి: "మనుషుల్ని సాధనాలుగా వాడకుండా ఉండటం", "అందరికన్నా బలహీనుల్ని కాపాడటం", "మొత్తం మీద హాని తగ్గించడం" లాంటివి. సరిపోయిందో లేదో తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. రెండు పక్షాల దగ్గరా మంచి పాయింట్లు ఉన్నప్పుడు, ఏది ఎక్కువ బరువో ఈ వాక్యం చెప్పగలదా? చెప్పలేకపోతే తీసేయాలి.

తత్వవేత్త పేరు కావాలా అంటే, కావాలి, కానీ పేరు కన్నా కారణం ముఖ్యం. కాంట్ ప్రకారం మనిషిని కేవలం సాధనంగా వాడకూడదు. మిల్, బెంథామ్ ఫలితాల మొత్తం చూడమంటారు. రాల్స్ అయితే, మనం ఏ స్థానంలో పుడతామో తెలియకుండా నియమాలు ఎంచుకోమంటాడు. తొమ్మిదో గ్రేడువాడికి ఈ మూడు దారులు చాలు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ తత్వశాస్త్ర ఎన్‌సైక్లోపీడియా ఆన్‌లైన్‌లో ఉచితం. పుస్తకాల సెట్లు కొనకండి.

ఇక కంటెన్షన్, అంటే కేసులోని ఒక్కో ముఖ్య వాదన. ఇందులో ఐదు ముక్కలుంటాయి. మొదటి నాలుగు: చెప్పే మాట, అది ఎందుకు నిజమో చెప్పే వారెంట్, ఆధారం, దాని ఇంపాక్టు (అయితే ఏమవుతుంది అన్నది). ఐదోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఈ ఇంపాక్టు క్రైటీరియన్‌ని ఎలా తాకుతోందో చెప్పే ఒక వాక్యం అది. మన టాపిక్ మీద అఫర్మేటివ్‌కి ఒకటి కట్టి చూద్దాం. క్రైటీరియన్ "మనుషుల్ని సాధనాలుగా వాడకుండా ఉండటం" అనుకోండి.

మాట: కలిసి పని ఆపే హక్కు లేకపోతే కార్మికుడి ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలు కాదు. వారెంట్: ఒక్కడే మానేస్తే జీతం పోతుంది, ఈ దేశంలో చాలామందికి దాంతోపాటు హెల్త్ ఇన్సూరెన్సూ పోతుంది. కాబట్టి "ఇష్టం లేకపోతే వెళ్ళిపో" అన్నది ఉత్తుత్తి స్వేచ్ఛ. (ఉద్యోగం పోతే వీసాకి గడియారం మొదలయ్యే హెచ్-వన్‌బీ ఇళ్ళలో పిల్లలకి ఈ వారెంట్ వేరే విడమరిచి చెప్పక్కర్లేదు.) ఆధారం: 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం చాలామంది ప్రైవేటు ఉద్యోగులకి సమ్మె హక్కు ఇచ్చింది. 1938లో మెకే రేడియో కేసులో సుప్రీంకోర్టు మాత్రం, సమ్మెలో ఉన్నవాళ్ళ స్థానంలో యజమాని శాశ్వతంగా వేరేవాళ్ళని పెట్టుకోవచ్చంది. అంటే హక్కు కాగితం మీద ఉంది, వాడితే కుర్చీ పోవచ్చు. ఇంపాక్టు: మనిషి శ్రమ తీసుకుంటూ, కాదనే అవకాశం తీసేస్తే అతను పనిముట్టు అవుతాడు. ఐదో వాక్యం: అదే మన క్రైటీరియన్ వద్దన్నది, కాబట్టి అది న్యాయం కాదు.

ఇదే చోట మన పిల్లలు ఏం చేస్తారో తెలుసా? యూనియన్ల వల్ల జీతాలు ఇంత శాతం పెరిగాయని అంకెలు గుప్పిస్తారు. లెక్కల్లో గట్టివాళ్ళం కదా, అంకె కనపడితే ఆగలేం. కానీ కాంట్ పేరు పెట్టుకుని బెంథామ్ లెక్కలు చెప్తే, ఎదుటివాళ్ళు "మీ అంకెలకీ మీ క్రైటీరియన్‌కీ సంబంధమేంటి?" అంటారు. అక్కడితో ఆ కంటెన్షన్ రౌండు నుంచి వెళ్ళిపోయినట్టే. జీతాల వాదన కావాలంటే క్రైటీరియన్ మార్చుకోవాలి.

కేసు పూర్తయ్యాక దాన్ని మీరే క్రాస్ ఎక్స్ చేయండి. ఇలాంటి ప్రశ్నలు తప్పకుండా వస్తాయి:

"మీ ప్రకారం ఐసీయూ నర్సులకీ షరతుల్లేని హక్కేనా?"
"అవును."
"అందరూ ఒకేసారి బయటికి నడిస్తే, మంచం మీదున్న రోగిని వాళ్ళు తమ జీతం కోసం సాధనంగా వాడినట్టు కాదా?"

ఇక్కడ తడబడితే అయిపోయింది. జవాబు ముందే రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోవాలి: రోగికి వైద్యం అందించే బాధ్యత ఆసుపత్రిది, ప్రభుత్వానిది. ఫలానా నర్సు చేత బలవంతంగా పని చేయించే హక్కు ఎవరికీ రాదు, బలవంతం చేస్తే సాధనంగా వాడింది మనమే. ఈ జవాబు జడ్జికి నచ్చకపోవచ్చు, కానీ క్రైటీరియన్‌తో అతుకుతుంది. "లేదు, నర్సులకి మాత్రం మినహాయింపు" అంటే "షరతుల్లేని" అన్న మాట వదులుకున్నట్టే. అక్కడ జాలిపడి ఒప్పుకునే మంచి పిల్లలు చాలామంది ఉన్నారు, ఓడిపోతారు.

నెగటివ్ కేసు పొట్టిగా ఉండాలి. 7 నిమిషాల్లో సగం ఎదుటివాళ్ళ కేసుకి జవాబుకే పోతుంది, కాబట్టి 450, 500 మాటలు చాలు. ఈ టాపిక్‌లో నెగటివ్ సమ్మెని తిట్టాల్సిన పనే లేదు. "హక్కు ఉండాలి, షరతులతో ఉండాలి" అంటే చాలు. అత్యవసర పరిస్థితుల్లో సమ్మెని 80 రోజులు ఆపే వీలు 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టంలోనే ఉంది, అది మంచి ఆధారం. ఎక్కువమంది మాత్రం 1981 ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మెని పట్టుకుంటారు. అధ్యక్షుడు రీగన్ 11,000 మందికి పైగా తీసేసిన సంఘటన అది. ప్రమాదం ఏమిటంటే, సూపర్‌వైజర్లతో, మిలిటరీ కంట్రోలర్లతో విమానాలు తగ్గించి అయినా నడిపారు. "చూశారా, ఆకాశం విరిగిపడలేదు" అని అఫర్మేటివ్ దాన్ని మీ మీదకే తిప్పుతాడు. ఏ ఆధారం పెట్టినా అది అవతలివాళ్ళ చేతిలో ఎలా ఉంటుందో చూసి మరీ పెట్టాలి.

నిడివి లెక్క కూడా రాసుకోండి. మామూలు వేగంలో నిమిషానికి 150 మాటలు, 6 నిమిషాలకి 900. కానీ 850 దగ్గర ఆపాలి, గుక్క తిప్పుకోవాలి కదా. నిర్వచనాలకి వంద, వాల్యూ-క్రైటీరియన్‌కి 175, మొదటి కంటెన్షన్‌కి 325, రెండోదానికి 250. మూడోది వద్దు. ఎందుకంటే అఫర్మేటివ్ రెండోసారి లేచినప్పుడు ఉండేది 4 నిమిషాలు, జవాబు చెప్పాల్సింది 7 నిమిషాల దాడికి. కేసులో ఎన్ని గదులు కడితే అన్నిటికీ అప్పుడు కాపలా కాయాలి. రిబటల్స్‌లో (తర్వాత వచ్చే జవాబు ప్రసంగాల్లో) కొత్త వాదనలు చెల్లవు కాబట్టి, అప్పుడు వాడుకోబోయే వాక్యం మొదటి 6 నిమిషాల్లోనే ఎక్కడో నాటి ఉండాలి.

ఆధారాల విషయంలో రచయిత పేరు, సంవత్సరం, లింకు, పూర్తి పేరా ఫైల్లో ఉండాలి. చదివే వాక్యాలకి మాత్రం రంగు వేసుకోవాలి. ఎదుటివాళ్ళు చూపించమంటే చూపించాలి. వాక్యాన్ని మధ్యలో నరికి అర్థం మార్చడం, ఏఐ కల్పించిన కొటేషన్ పెట్టడం బయటపడితే రౌండు పోతుంది, స్కూలు పరువూ పోతుంది.

ఇక డబ్బు. ఎంట్రీ ఫీజులు, ప్రయాణం సాధారణంగా స్కూలు ద్వారానే నడుస్తాయి. భారమైతే ఫీజు మినహాయింపు ఉందేమో కోచ్‌ని అడగండి, సిగ్గుపడకండి. ఒక ఫార్మల్ జత, రెండు రంగుల పెన్నులు, ఫ్లో (రౌండులో వాదనలు వరసగా రాసుకునే నోట్సు) రాయడానికి కాగితాలు, ఫోన్లో టైమర్ ఉంటే సీజన్ గడిచిపోతుంది. ఇతర స్కూళ్ళు పెట్టిన కేసులు ఓపెన్‌కేస్‌లిస్ట్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చదివి ఎలా కట్టారో చూడమనండి, కాపీ కొట్టమని కాదు. పెద్ద ఫైనల్ రౌండ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి. అందులో కొన్నిటిలో ఊపిరాడకుండా వేగంగా చదువుతారు. మీ వాడు మొదటి ఏడాది ఆ జోలికి వెళ్ళకూడదు, నావిస్ (కొత్తవాళ్ళ) రౌండ్లలో జడ్జీలు ఎక్కువగా తల్లిదండ్రులే.

ఆ జడ్జీల్లో మీరూ ఒకరు కండి. స్కూలు తన పిల్లల సంఖ్యని బట్టి జడ్జీలను తీసుకురావాలి, లేకపోతే జరిమానా పడుతుంది. యాస గురించి బెంగ పెట్టుకోకండి, మీరు వినాలి, రాసుకోవాలి, అంతే. రౌండుకి ముందు ట్యాబ్‌రూమ్‌లో (టోర్నమెంట్లు నడిపే వెబ్‌సైట్) మీ పరిచయం దగ్గర "నేను పేరెంట్ జడ్జిని, నెమ్మదిగా మాట్లాడండి" అని రాయండి, పిల్లలు అది చదువుకునే వస్తారు. మీ సొంత అభిప్రాయం పక్కన పెట్టి, ఎవరి క్రైటీరియన్ నిలబడింది, దాని కింద ఎవరి కంటెన్షన్ మిగిలింది అన్న రెండు ప్రశ్నలకి బ్యాలెట్‌లో (జడ్జి తీర్పు రాసే ఫారంలో) జవాబు రాయండి. మీ అబ్బాయికి వచ్చిన బ్యాలెట్లు ఆదివారం తీసి, ఇద్దరు జడ్జీలు ఒకే చోట "అర్థం కాలేదు" అని రాస్తే ఆ వాక్యాన్ని ఆ రోజే మార్పించండి. టాపిక్ రెండు నెలలకే మారిపోతుంది.