మందు మెదడుకు చేరిందని రాసేముందు

మూలాపేట, నెల్లూరు

అమ్మాయికి ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన వ్యాసం మొన్న అందింది. రెండుసార్లు చదివాను. ఎం.ఫార్మసీ చదువుతూ, నీళ్లలో కరగని మందుల్ని మెదడుకు ఎలా చేరుస్తారో తెలుగులో చెప్పాలని కూర్చున్నావు. చాలా సంతోషమయింది. అయితే "జలవికర్షక ఔషధాణువులను బహ్వణుక సూక్ష్మవాహకాలలో నిక్షిప్తం చేయుట ద్వారా" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం మీ అవ్వకు చదివి వినిపించు, నీకే తెలుస్తుంది.

పసుపుతో మొదలుపెట్టు. గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు కలిపి కాసేపు వదిలేస్తే అడుగుకు దిగిపోతుంది. అదే తాలింపు నూనెలో వేస్తే నూనెంతా రంగెక్కుతుంది. ఆ రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. మింగితే రక్తంలోకి వెళ్లేది చాలా కొంచెం. వెళ్లినదాన్ని కూడా ఒళ్లు తొందరగా మార్చేసి బయటికి పంపేస్తుంది. ల్యాబులో నరాల కణాలను కాపాడిన పదార్థాలు చాలావాటిది ఇదే అవస్థ.

మీ నాన్న రొయ్యల చెరువు చేస్తాడన్నావు. మేతకు మందు పట్టించేటప్పుడు బైండర్ అనే జిగురు ఎందుకు కలుపుతాడో అడుగు. కలపకపోతే మందు చెరువు నీళ్లలో కడుక్కుపోతుంది, రొయ్య నోటిదాకా రాదు. పాలిమర్ వాహకం, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులతో చేసిన సన్నటి రేణువు, కూడా మందును చేరాల్సిన చోటిదాకా పట్టి ఉంచుతుంది. ఆ పోలిక అంతవరకే వాడు. చెరువులో బాధ మందు కరిగిపోవడం, మన దగ్గర కరగకపోవడం. మిగతాది సబ్బు చెబుతుంది. సబ్బులో లాగే ఒక కొస నీళ్లను కోరుకుని రెండో కొస నూనెను కోరుకునే పాలిమర్ గొలుసులు నీళ్లలో గుండ్రంగా గుమిగూడతాయి, కరగని మందు వాటి నడుమ ఒదుగుతుంది. ఎక్కువగా వాడే పాలిమర్ పీఎల్‌జీఏ గురించి నువ్వు బాగానే రాశావు. ఒంట్లో కరిగిపోయే ఆపరేషన్ కుట్లు కూడా ఆ జాతి పాలిమర్‌వేనని ఒక్క మాట చేర్చు, చదివేవాళ్లకు భయం తగ్గుతుంది.

జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ కథను చివరికి ఎందుకు నెట్టావు? 1885లో ఆయన జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కిస్తే అవయవాలన్నీ రంగు పట్టాయి, మెదడు మాత్రం పట్టలేదు. మెదడుకు ఆ రంగు అంటదేమో అనుకున్నాడు. ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ 1913లో రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకే ఎక్కించాడు. ఈసారి మెదడు రంగు పట్టింది, ఒళ్లు పట్టలేదు. రక్తానికీ మెదడుకీ నడుమ ఏదో గోడ ఉందని అలా తేలింది. ఇంత మంచి కథ వ్యాసం నడిమధ్యలో ఉండాలి. దాని పక్కనే, ఆ గోడ దాటించే పాలిసార్బేట్ 80 అనే సబ్బులాంటి పదార్థం సంగతి పెట్టు. వాహకానికి ఆ పూత పూస్తే రక్తంలో కొవ్వును మోసే అపోలిపోప్రొటీన్-ఇ అనే ప్రొటీన్ దానికి అంటుకుంటుంది. మెదడు రక్తనాళాల కణాలు దాన్ని కొవ్వు రేణువనుకుని లోపలికి తీసుకుంటాయి.

ఇక నీ చివరి వాక్యం, "పక్షవాతానికి ఇక భయపడనక్కర్లేదు" అన్నది. కొట్టెయ్.

నేనూ ఒకప్పుడు అలాంటిదే రాశాను. మతిమరుపు జబ్బుకు పసుపే మందన్నట్టు శీర్షిక పెట్టాను. కొన్నాళ్లకు కావలి దగ్గరి పల్లె నుంచి ఒకాయన బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. జేబులో నా వ్యాసం కటింగు, నాలుగు మడతలు పెట్టి ఉంది. డాక్టరు రాసిన మాత్రలు ఆపేసి వాళ్లమ్మకు రెండు నెలలుగా పసుపు పాలు ఇస్తున్నాడట. "ఇంకా ఎన్నాళ్లివ్వాలి సార్?" అని అడిగాడు. ఆయన ఎదురుగానే వ్యాసం మళ్లీ చదివాను. "ఎలుకల్లో" అన్న మాట ఒకే ఒక్కచోట ఉంది, తొమ్మిదో పేరాలో. మాత్రలు మళ్లీ మొదలుపెట్టమని ఆయన చేతులు పట్టుకుని చెప్పాను. ఆ కటింగు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

కరిగితే చాలు, పనిచేస్తుందనీ రాయకు. ఎన్‌ఎక్స్‌వై-059 నీళ్లలో కరిగే మందే. ఎలుకల్లో ఆశ పుట్టించింది. పక్షవాతం వచ్చిన 3,000 మందికి పైగా రోగులతో చేసిన పరీక్షలో ఉపయోగం కనబడలేదని 2007లో అచ్చయిన ఫలితాలు చెప్పాయి. నువ్వు చెప్పిన పాలిమర్ వాహకాల్లో చాలావరకు ఇంకా ల్యాబులోనో జంతువుల్లోనో ఉన్నాయి. అందుకే ఒక్కో ప్రయోగానికి ఏ జంతువు, రేణువు ఎన్ని నానోమీటర్లు, జబ్బు వచ్చాక ఎంతసేపటికి మందిచ్చారు అన్నవి చూసి రాయి. చివరిది మరీ ముఖ్యం. పక్షవాతం తెప్పించడానికి ఎలుక మెదడు రక్తనాళం మూస్తారు, అలా మూసేముందే మందిచ్చిన ప్రయోగాలున్నాయి. ఉదయగిరి అవతలి ఊళ్లో తెల్లారుజామున చెయ్యి పడిపోయిన మనిషి నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి ఎన్ని గంటలవుతుందో నీకు తెలుసు.

సంక్రాంతికి ఇటు వచ్చేటప్పుడు తిరగరాసింది తీసుకురా. ముందు మీ అవ్వకు చదివి, ఆమె ఎక్కడ ఆపి అడిగిందో అంచున పెన్సిల్‌తో గీత పెట్టు. మనిద్దరం ఆ గీతల దగ్గర కూర్చుందాం.