ఆ కాగితంలో రెండో వాక్యం చదివారా?

ప్రశ్న: మా ఆయనకు 35 ఏళ్లు. బొబ్బిలి దగ్గర మూతపడిన ఒక కర్మాగారంలో ట్రాన్స్‌ఫార్మర్లు, హెచ్‌టీ (అధిక వోల్టేజీ) ప్యానెళ్లు విప్పే పనికి రోజుకు 700 కూలికి కాంట్రాక్టరు వెంట వెళ్లారు. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) లేదు. లైను ఎప్పుడో తీసేశారని చెప్పే పంపారు. 2023 ఆగస్టు 14న షాక్ కొట్టి చనిపోయారు. ఇద్దరు చిన్న పిల్లలతో చాలా ఇబ్బంది పడుతున్నాను. 3 లక్షలు ఇస్తాను, ఈ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమని కాంట్రాక్టరు అంటున్నాడు. డబ్బు తీసుకుని తర్వాత కేసు వేయవచ్చా?
– ఒక సోదరి, ఆమదాలవలస

జవాబు: సంతకం పెట్టకండమ్మా. 'ఇకపై ఏమీ అడగను' అన్న మొదటి వాక్యం చూసి మీరు భయపడుతున్నారు. ప్రమాదం నాటికి అమలులో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం, 1923లోని 17వ సెక్షను ప్రకారం అది చెల్లదు. మరణ పరిహారాన్ని ఆ చట్టం కింద పరిహారం తేల్చే అధికారి, అంటే కమిషనర్ దగ్గరే జమ చేయాలి. మూడు నెలల వేతనం వరకు అడ్వాన్సు తప్ప, చేతికిచ్చిన సొమ్ము లెక్కకు రాదు. ముంచేది రెండో వాక్యం: 'నా భర్త పాత రాగి కొనడానికి సొంతంగా వెళ్లాడు.' దాని కింద సంతకం పెడితే ఆయన కూలీ కాదని మీరే సాక్ష్యం చెప్పినట్టు. ఆ రోజు ఆయన ఎవరి కూలి మీద ఆ పనిలో ఉన్నారన్నదే ఈ కేసు. గ్లౌజులు వేసుకోలేదన్న వాదన మరణం కేసులో నిలవదు.

ఆయన ఫోను అమ్మేశానని రాశారు. ఎంత పొరపాటు! కాంట్రాక్టరు మెసేజులన్నీ అందులోనే ఉండేవి. వెంటనే బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. ప్రతి శనివారం 4,200 పడేదన్నారు కదా, అదే మీకు హాజరు పట్టీ.

మీరు చివర్లో రాసిన ఇంకో మాట ముఖ్యం: వాచ్‌మన్ గది దీపాలకు జనరేటరు నడిచేది. అది ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు కరెంటు పంచే లోహపు పట్టీకి, అంటే బస్‌బారుకు కలిసి ఉంటే 433 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక్కి వెళ్లి, హెచ్‌టీ వైపు 11,000గా లేస్తాయి. అందుకే విప్పే ముందు రెండు వైపులా వేరు చేసి, కరెంటు లేదని పరీక్షించి, కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ రాడ్ వేయాలి. విద్యుత్ చట్టం, 2003లోని 161వ సెక్షను కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణ జరిగి ఉంటే, ఆ నివేదికను సమాచార హక్కు కింద అడగండి. పని ఎవరు చేయిస్తున్నారో అందులో ఉండవచ్చు.

కమిషనర్ దగ్గర దరఖాస్తుకు గడువు రెండేళ్లు. మీరు ఈ ఉత్తరం రాసేసరికే ఏడాది పది నెలలు గడిచిపోయాయి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది. కానీ కాంట్రాక్టరు ఇస్తానన్నాడని ఆగానంటే మన్నిస్తారని నమ్ముకోకండి.

ఇక లెక్క. ఈ లెక్కకు నెల వేతనాన్ని ఆ చట్టం కింద 15,000కే పరిమితం చేశారు. అందులో సగం 7,500ను చట్టం పట్టికలో 35 ఏళ్ల వయసుకున్న 197.06 అనే అంకెతో హెచ్చిస్తే 14,77,950 రూపాయలు. ఆలస్యానికి 12 శాతం వడ్డీ వేరు.

మీరు ఉండే చోటే దరఖాస్తు వేయవచ్చు, బొబ్బిలి వైపు తిరగనక్కరలేదు. కర్మాగారం యజమానినీ ప్రతివాదిగా చేర్చండి. పిల్లల పేర్లు, అత్తగారు ఉంటే ఆమె పేరు మీతోపాటు రాయించండి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, వయసు రుజువు పట్టుకుని ఈ సోమవారమే శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు.